అనకాపల్లి ప్రయాణము: హారీతి కొండయు, చూలాలి రక్తపరీక్షయు

విశాఖపట్టణమునకు నైరుతి దిక్కున, హౌరా నుండి చెన్నపట్టణమునకు బోవు రైలుమార్గము మీద, శారదానది యొడ్డున అనకాపల్లి యను పట్టణము కలదు. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన రాష్ట్రమున క్రొత్త జిల్లా లేర్పడినపుడు ఈ పట్టణము తన పేరిటి జిల్లాకు ముఖ్యస్థానమైనది. అంతకు పూర్వము విశాఖపట్నము జిల్లాలోని దిగా నుండెను. తెలుగు గృహిణులకు ఈ యూరి పేరు వినగానే ముందుగా జ్ఞప్తికి వచ్చునది బెల్లము. పరమాన్నమునకైనను, అరిసెలకైనను, ఉగాది పచ్చడికైనను అనకాపల్లి బెల్లమే కావలెనని పట్టుపట్టువారు మనలో ననేకులు.

చెరకు గానుగ లాడు దినములలో ఈ యూరి బజారునకు బోయినచో దిమ్మలు దిమ్మలుగా బెల్లము దిగుచుండుటయు, వర్తకులు వానిని వరుసలుగా పేర్చి ధర కట్టుటయు చూడవచ్చును. గాలిలో నంతటను తియ్యని పాకపు వాసన. భారతదేశమునందలి పెద్ద బెల్లపు విపణులలో నిది యొకటి. చెరకు పంటను గూర్చి పరిశోధనలు జరుపు వ్యవసాయ క్షేత్రము 1913 నుండి యిచ్చట నున్నది. వర్తకులు దిమ్మ రంగు చూచి, గోటితో గీచి, రుచి చూచి వెల నిర్ణయింతురు. ఐనను రంగు నమ్మదగిన సాక్షి కాదని వారే చెప్పుదురు. బెల్లము పసుపు వన్నెతో నిగనిగలాడుటకై కొందరు మరుగుచున్న పానకములో హైడ్రోసు అను రసాయనమును గలుపుదురు. ఆ దిమ్మ కంటికి బంగారమువలె నుండును గాని, లోపల గంధకపు శేషము మిగిలియుండును. నల్లగా మొరటుగా నున్న దిమ్మ యొక్కొక్కప్పుడు శుద్ధమైనదిగా తేలును. అందుచే కంటిచూపు చాలదు, పరీక్షించి తెలిసికొనవలయును అని యొక ముదుసలి వర్తకుడు నాతో ననెను. ఆయన బెల్లమును గూర్చియే చెప్పెను. ఆ మాట మరి యొక విషయమున కెట్లు వర్తించునో మరునాడు తెలిసికొంటిని.

నే నచ్చటికి బోయినది మా ఆడపడుచును చూచి వచ్చుటకు. ఆమెను ఆ యూరి వర్తకుల యింట నిచ్చితిమి. ఇది యామెకు తొలిచూలు, నాలుగవ నెల. ఒడిలోనికి పండ్లును, పసుపు కుంకుమలును, మా యింట జేసిన చలిమిడియు దీసికొని వెళ్లితిని.

ఆ యూర మొదట దర్శింపవలసినది గవరపాలెమునందలి నూకాంబికాదేవి యాలయము. స్థానికులు నూకాలమ్మ యని పిలుతురు. ఉగాదికి ముందు వచ్చు అమావాస్యను కొత్త అమావాస్య యందురు. నాటి నుండి యచ్చట గొప్ప జాతర జరుగును. చుట్టుపట్ల గ్రామముల నుండి స్త్రీలు బిడ్డలను చంకనెత్తుకొని వచ్చి మ్రొక్కులు దీర్చుకొందురు. బిడ్డను కాపాడుమని వేడుకొనుటయే యా మ్రొక్కులలో పెక్కింటి సారము. మేమును ఉదయమున బోయి దర్శనము చేసికొంటిమి.

సాయంకాలము మూడు కిలోమీటర్ల దూరమున నున్న శంకరము గ్రామమునకు బోయితిమి. ఈ పేరు సంఘారామ మను మాటనుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. బౌద్ధ భిక్షువులు నివసించిన తావునకు సంఘారామ మని పేరు. ఇచ్చట బొజ్జన్నకొండ, లింగాలకొండ యని రెండు గుట్టలు ప్రక్కప్రక్కన నున్నవి. క్రీస్తు శకము నాలుగవ శతాబ్దము మొదలు తొమ్మిదవ శతాబ్దము వరకు ఇవి బౌద్ధక్షేత్రములుగా వర్ధిల్లినవి. అలెగ్జాండర్ రే యను పురావస్తు పరిశోధకుడు 1906, 1907 సంవత్సరములలో ఇచ్చట త్రవ్వించి, కొండరాతిలో దొలిచిన స్తూపములను, గుహలను, విహారపు గదులను వెలికి దీసెను. సముద్రగుప్తుని నాణెము కూడ దొరకినది. లింగాలకొండ మీద చిన్న చిన్న రాతిస్తూపములు వరుసలు వరుసలుగా నుండుటచే, జనులు వానిని లింగములుగా భావించి యా పేరు పెట్టిరి.

నా మనస్సు నాకర్షించినది కొండ పాదమున నున్న హారీతీ దేవి విగ్రహము. ఈమె కథ మన సోదరీమణులలో కొందరికి దెలియకపోవచ్చును. హారీతి యొక యక్షిణి. ఆమెకు 500 మంది బిడ్డలు. ఐనను రాజగృహ నగరములోని పరుల బిడ్డలను అపహరించి భక్షించుచుండెను. తల్లులందరును బుద్ధదేవునితో మొర పెట్టుకొనిరి. ఆయన హారీతి కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్ర క్రింద దాచెను. ఆమె లోకమంతయు వెదకి, కానక, గుండె బాదుకొనుచు ఆయన యొద్దకే వచ్చి పడెను. ఐదువందల మందిలో నొక్కడు కానరాకున్న నీ కింత దుఃఖమైనచో, ఒక్క బిడ్డయే గల తల్లికి నీవు చేసినది యెంతటిదో యూహింపు మని ఆయన బోధించెను. అప్పుడామె మారిపోయి, ఆ నాటి నుండి శిశువులను రక్షించు దేవత యయ్యెను. ఏడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఇత్సింగు అను చీనా యాత్రికుడు, బౌద్ధవిహారములలో హారీతి ప్రతిమ యుండుననియు, ప్రతిదినము ఆమెకు భోజనము నివేదింతురనియు వ్రాసెను.

హారీతిని మశూచి మొదలగు వ్యాధులనుండి బిడ్డలను కాపాడు తల్లిగా కొన్ని దేశములలో నేటికిని కొలుతురు. ఆ మశూచి యిప్పుడు లోకములో లేదు. టీకా వలన అది సమూలముగా నశించినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించెను. మ్రొక్కినవారును, మ్రొక్కనివారును ఆ టీకాను వేయించుకొనుట చేతనే యది సాధ్యమైనది. మా ఆడపడుచు అత్తగారు మెట్ల దగ్గర కూర్చుండి యీ మాట విని, "ఔనమ్మా, నా చిన్నతనమున ప్రతి వారి భుజము మీదను ఆ మచ్చ యుండెడిది" అనిరి.

మరునాడు 9వ తేదీ. 2016వ సంవత్సరము మొదలు ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణీ స్త్రీలను వైద్యులు ఉచితముగా పరీక్షించు నేర్పాటు దేశమంతటను కలదు. దీనికి ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అని పేరు. ఆ దినముననే పోవలెనను నియమము లేదు. గర్భము నిలిచినదని తెలిసిన వెంటనే, 12 వారములలోపుగా పేరు వ్రాయించుకొని తల్లీబిడ్డల కార్డు తెచ్చుకొనుట ఉత్తమము. మా ఆడపడుచు కార్డు తెచ్చుకొన్నది గాని, రక్తపరీక్షలలో కొన్నింటిని చేయించుకొనలేదు. కారణ మేమని యడుగగా ఆమె తలవంచుకొనెను. అత్తగారే సమాధానము చెప్పిరి.

"బలము లేని పరీక్ష, చక్కెర పరీక్ష చేయించితిమమ్మా. ఆ చెడ్డ రోగముల పరీక్ష మాత్రము వలదంటిని. మా యింట అటువంటివి యెక్కడివి? కోడలిని అనుమానించి పంపినారని నలుగురు అనుకొనరా?"

"అత్తయ్యగారూ, అది యొకరిని అనుమానించి చేయు పరీక్ష కాదు. ధనవంతుల కోడలికిని, కూలిపని చేయు నామెకును ఒక్క తీరుననే చెప్పి, అడిగి, చేయుదురు" అంటిని. ఆమె అప్పటికి మారుమాట పలుకలేదు.

ఈ పరీక్ష లెందుల కని యడుగు సోదరీమణులకు కొంచెము వివరముగా చెప్పెదను. తల్లినుండి గర్భస్థ శిశువునకు సంక్రమించు అంటువ్యాధులలో ముఖ్యముగా మూడింటికి పరీక్ష చేయుదురు. అవి హెచ్.ఐ.వి., మన పెద్దలు సవాయి యని పిలిచిన సిఫిలిస్, కామెర్లకు కారణమగు హెపటైటిస్-బి. ఈ మూడును చాలకాలము పైకి కనిపింపవు. తల్లి చక్కగా తిని తిరుగుచు, కళగా నున్నను లోపల వ్యాధి యుండవచ్చును. బెల్లపు వర్తకుడు చెప్పిన మాట యిచ్చటనే నాకు జ్ఞప్తికి వచ్చినది.

సిఫిలిస్ వీనిలో మిక్కిలి ప్రాచీనమైనది. దాని క్రిమిని 1905లోను, రక్తములో దానిని కనిపెట్టు వాసర్మన్ పరీక్షను 1906లోను జర్మనీ దేశపు శాస్త్రజ్ఞులు లోకమునకు దెలిపిరి. శంకరములో హారీతి కొండను త్రవ్విన దినములును అవియే. చికిత్స లేనియెడల ఈ వ్యాధి గల గర్భిణులలో సగమునకు మించినవారికి గర్భము పోవుటయో, మృతశిశువు పుట్టుటయో, పుట్టిన బిడ్డ వ్యాధితో నుండుటయో, వెంటనే చనిపోవుటయో సంభవించును. మన గ్రంథములలో బిడ్డలు దక్కని స్త్రీని మృతవత్స యనిరి. బిడ్డలు దక్కకపోవుటకు కారణము లనేకములు. వానిలో నిది యొకటి. భర్త వలన వచ్చిన వ్యాధిచే బిడ్డ పోయినను, నింద మాత్రము ఆమె జాతకము మీద బడెను. నేడు ఈ వ్యాధికి మందు పెన్సిలిన్ సూది. వ్యాధి తొలిదశలో నున్నచో 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఒక్కమారు చాలును. దీర్ఘకాలముగా నున్నచో వారమున కొకటి చొప్పున మూడు సూదులు. కాని యది ప్రసవమునకు కనీస మొక నెల ముందుగా పడవలెను. ఎంత ముందుగా బడిన బిడ్డకు అంత మేలు. కొన్ని రూపాయల మందు ఒక ప్రాణమును నిలుపుననుటకు ఇంతకంటె నిదర్శన ముండదు.

హెచ్.ఐ.వి. మన దేశములో నున్నదని 1986లో చెన్నపట్టణమున డాక్టర్ సునీతి సాల్మన్ గారి పరిశోధన వలన బయలుపడెను. తల్లికి ఈ క్రిమి యున్నచో గర్భమునందును, ప్రసవ వేళను, చనుబాల వలనను బిడ్డకు సోకవచ్చును. ఏ చికిత్సయు లేనియెడల నూరుగురు తల్లులకు 15 మొదలు 45 మంది బిడ్డలకు సోకును. తల్లి సకాలమున మందు మొదలుపెట్టి విడువక వాడినచో ఆ సంఖ్య 5 కంటె తక్కువకు దిగిపోవును. మన దేశములో తల్లినుండి బిడ్డకు రాకుండ ఆపు కార్యక్రమము 2002లో ప్రారంభమైనది. ఆ దినములలో నొప్పులు వచ్చినపుడు తల్లికి ఒక్క నెవిరాపిన్ మాత్రయు, బిడ్డకు కొన్ని చుక్కలును మాత్రమే యిచ్చుచుండిరి. 2014 నుండి వ్యాధి గల ప్రతి గర్భిణికిని వెంటనే మూడు మందుల చికిత్స ప్రారంభించి, యావజ్జీవము ఉచితముగా నిచ్చుచున్నారు. అందుచే బిడ్డ మాత్రమే గాక తల్లియు బ్రదుకుచున్నది. బిడ్డకు తల్లి లేని సంరక్షణ సగము సంరక్షణయే కదా.

హెపటైటిస్-బి కాలేయమును పట్టు వ్యాధి. దాని క్రిమిని బరూచ్ బ్లంబర్గ్ గారు కనుగొని 1976లో నోబెల్ బహుమానము నందిరి. పెద్దవారికి సోకినచో పెక్కుమందికి తానై నయమగును. పురిటిలోనే సోకిన బిడ్డలలో మాత్రము నూటికి 90 మందికి అది జీవితాంతము నిలిచి, పెద్దైన పిదప కాలేయమునకు రాచపుండుగానో, గట్టిపడుటగానో పరిణమింపవచ్చును. దీనికి టీకా యున్నది. పుట్టిన 24 గంటలలోపల మొదటి టీకా వేయవలెను. తల్లికి వ్యాధి యున్నదని ముందే తెలిసినచో, దానితోబాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అను మరొక సూదిని కూడ సిద్ధము చేసికొనవచ్చును. తెలియకున్న ఆ గడియలు దాటిపోవును. ఈ వ్యాధి కలిసి కూర్చుండుట వలనను, ఒక పళ్లెమున భుజించుట వలనను రాదు. రక్తము వలన వచ్చును. చెవులు కుట్టుటకును, పచ్చబొట్టు పొడుచుటకును ఒకే సూదిని పలువురికి వాడుట యిందుచేతనే ప్రమాదకరము.

ఇక వైద్యశాలలోని సంగతి. ఉదయము తొమ్మిది గంటలకే బల్లలన్నియు నిండిపోయెను. చోడవరము వైపునుండి బస్సు దిగినవారు, మాడుగుల కొండల ప్రక్క పల్లెలనుండి ఆశా కార్యకర్తల వెంట వచ్చినవారు, పట్టణపు స్త్రీలు, అందరును చేతిలో కార్డులతో గూర్చుండిరి. తూకము, రక్తపుపోటు, మూత్రపరీక్ష యైన పిమ్మట ఒక చిన్న గదిలోనికి ఒక్కొక్కరినే పిలుచుచుండిరి. అచ్చట సలహాదారిణి తలుపు చేరవేసి మాటలాడుచుండెను. వెంట వచ్చిన అత్తగారినైనను, తల్లినైనను, గర్భిణి కోరినగాని లోనికి రానీయరు. మా ఆడపడుచు నా చేయి విడువలేదు. ఆమె కోరికమీద నన్ను రానిచ్చిరి.

ఆ సలహాదారిణి మొదట వ్యాధుల సంగతి సులభమైన మాటలలో జెప్పి, "ఈ పరీక్ష యిచ్చటికి వచ్చిన వారందరికిని చేయుదుము. నీకు వలదని తోచినచో వలదనవచ్చును. అందుచేత తక్కిన వైద్యము ఏమియు ఆగదు. ఏమైన సందేహ మున్నచో అడుగుము తల్లీ" అనెను.

మా ఆడపడుచు చాలసేపు ఊరకుండి, మెల్లగా అడిగెను: "ఏమైన నున్నదని తేలినచో మొదట ఎవరికి చెప్పుదురు? మా యింటివారికా?"

"నీకే. నీవు చెప్పమన్నగాని మీ యింటివారికి మేము పోయి చెప్పము" అని ఆమె బదులు పలికెను.

ఆ యొక్క మాటతో ఆ పిల్ల చేయి ముందునకు చాచెను. దానిని చూచినపుడు నాకొక సంగతి స్పష్టమైనది. ఆమె భయము సూదిని గూర్చినది కాదు, క్రిమిని గూర్చినదియు కాదు. తన రక్తములోని వార్త తనకంటె ముందు వాకిటిలోనికి బోవునేమో యని. ఆ భయము దీర్చకుండ ఎన్ని పరీక్షశాలలు పెట్టినను స్త్రీలు పక్కత్రోవనే పోవుదురు. రహస్యమును కాపాడుదుమను మాట యున్నచో పిలువకయే వత్తురు.

ఈ విషయమున మన దేశపు చరిత్ర కొంత తెలిసికొనదగినది. దేశములో హెచ్.ఐ.వి. యెంత వ్యాపించినదో కొలుచుటకు 1998 మొదలు గర్భిణీ వైద్యశాలలనే కొలబద్దగా పెట్టుకొనిరి. సిఫిలిస్ పరీక్షకై తీసిన రక్తములో మిగిలిన దానిని, పేరు తొలగించి, హెచ్.ఐ.వి. కొరకు పరీక్షించుచుండిరి. గర్భిణులలో నూటికి ఒకరిని మించి వ్యాధి కనబడిన రాష్ట్రములను అధిక వ్యాప్తి గలవానిగా నెంచిరి. మన ఆంధ్రదేశమును ఆ జాబితాలో జేరినది. ఆ లెక్కలవలన దేశము మేలుకొని కార్యక్రమములు స్థాపించినది, నిజమే. కాని పేరు లేని ఆ రక్తపు ఫలితము ఆ రక్తమిచ్చిన తల్లికి జేరుటకు దారి లేకుండెను. కనుకనే తల్లికి చెప్పి, ఆమె సమ్మతితో, ఆమె కొరకే చేయు పరీక్ష వేరుగా కావలసివచ్చెను.

2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ చట్టము 2018 సెప్టెంబరు 10వ తేదీ నుండి అమలులో నున్నది. దాని ప్రకారము తెలియజెప్పి సమ్మతి పొందక యీ పరీక్ష చేయరాదు. ఫలితమును రహస్యముగా నుంచవలెను. వ్యాధి యున్నదని వైద్యములోగాని, ఉద్యోగములోగాని, చదువులోగాని, ఇంటి అద్దె విషయములోగాని వివక్ష చూపరాదు. వ్యాధి గల గర్భిణికి ఆమె సమ్మతి లేక గర్భస్రావము చేయింపరాదు. ఈ నియమము లన్నియు ఆమెను కాపాడుటకే గాక, తక్కిన స్త్రీలు ధైర్యముగా వచ్చుటకును ఉపకరించును.

వ్రేలి కొననుండి ఒకటి రెండు చుక్కల రక్తము దీసిరి. అర్ధగంటలోపల ప్రాథమిక ఫలితము తెలియును. ఏమైన సూచన కనబడినచో, దానితోనే నిర్ణయింపక, మరల వేరు పరీక్షలు చేసి నిశ్చయింతురు. మా ఆడపడుచు ఫలితము చూచికొనుటకు తానొక్కతెయే లోనికి బోయెను. ఏమి వచ్చినదని నే నడుగలేదు. ఇచ్చట వ్రాయబోవుటయు లేదు. పాఠకురాలైన సోదరి యీ పంక్తి కడ కొంత నిరాశ చెందవచ్చును. కాని ఆ గదిలో విన్నమాటను మన్నించుటకు నాకు తోచిన మార్గ మిదియే.

బయట బల్లమీద అత్తగారు కూర్చుండి యుండిరి. నన్ను ప్రక్కకు పిలిచి, చాలసేపటికి నోరు విప్పిరి. "నీకు దెలియదమ్మా. మీ మరిదికి ముందు నాకు ఇద్దరు బిడ్డలు పోయిరి. ఇద్దరును నెలలు నిండినవారే. ఆ దినములలో పల్లెలో మంత్రసానియే దిక్కు. ఎందుకు పోయినారని నన్నెవ్వరును పరీక్షించలేదు, చెప్పలేదు. అమంగళపు మనిషి యని మాత్రము అన్నారు. ఎనిమిది సంవత్సరములు పేరంటమునకు పిలువలేదు." ఆ బిడ్డలు ఏ కారణమున పోయిరో ఇప్పుడెవ్వరును చెప్పజాలరు. ఆమె కన్నులు తుడుచుకొని లేచి, బజారులోనున్న కుమారునికి ఫోను చేయించి, "దుకాణము తమ్మునికి అప్పగించి నీవును రారా. నీకును పరీక్ష చేయుదురట" అనిరి. అతడు గంటలోపల వచ్చెను. చొక్కా మీద బెల్లపు మరకలు గూడ తుడుచుకొనలేదు.

భర్త పరీక్ష యెందుకని యడుగువారున్నారు. వ్యాధి పెక్కుమారు లింటిలోనికి వచ్చునది పురుషుని ద్వారముననే. భార్య కొక్కతెకే చికిత్స చేసి, భర్తకు చేయనిచో సిఫిలిస్ మరల ఆమెకు సోకును. గర్భము మొదటి నెలలలో పరీక్ష శుద్ధముగా నుండి, తరువాత వ్యాధి అంటుటయు కలదు. అందుచే భర్త దూరదేశములలో పనిచేయుచు వచ్చిపోవుచున్నచో, ఇతర కారణములచే వైద్యులు కోరినచో, చివరి నెలలలో మరియొక మారు పరీక్ష చేయించుకొనుట మంచిది.

ఇక హెచ్.ఐ.వి. యున్నదని తేలినను గృహము కూలిపోదు. తల్లికి దినమున కొక్క మాత్రతో సాగు మందు కలదు. బిడ్డకు పుట్టినది మొదలు కొన్ని వారములు నెవిరాపిన్ ద్రావక మిత్తురు. ఆరవ వారమున క్రిమినే వెదకు ప్రత్యేక పరీక్ష చేయుదురు. సామాన్య పరీక్ష యెందుకు చాలదనగా, తల్లి రక్తములోని రక్షక పదార్థములు బిడ్డ శరీరమున 18 నెలల వరకు నిలిచి, వ్యాధి లేకున్నను ఉన్నట్లు చూపవచ్చును. ఈ సంగతి దెలియక తొందరపడి గుండె చెరువు చేసికొనువారు కలరు. 18 నెలలు నిండిన పిమ్మట చేయు పరీక్షయే తుది మాట. మందు వాడుచున్న తల్లి ఆరు నెలలు చనుబాలు మాత్రమే యీయవచ్చును. తేనె చుక్క, పంచదార నీరు, పోతపాలు నడుమ నడుమ కలుపుట బిడ్డ ప్రేగులకు హాని చేసి వ్యాధి సోకుటకు దారి యిచ్చును. ఇంటి పెద్దలు ఈ విషయమున ముఖ్యముగా జాగ్రత్త వహింపవలెను.

ఇది సాధ్యమా యని సందేహించువారికి లోకములో ఉదాహరణము లున్నవి. తల్లినుండి బిడ్డకు హెచ్.ఐ.వి.యు, సిఫిలిసును సంక్రమింపకుండ ఆపిన మొదటి దేశముగా 2015లో క్యూబాను ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించెను. 2016లో థాయ్‌లాండు, 2019లో మన పొరుగునున్న సింహళద్వీపము ఆ గౌరవమును బడసినవి. అచ్చట గర్భిణులలో దాదాపు అందరును వైద్యశాలకు పోవుదురు, పోయినవారందరికిని పరీక్ష జరుగును.

సోదరీమణులారా, మన యిండ్లలో సీమంతము చేయుదుము, గాజులు తొడిగింతుము, చూలాలు కోరినవన్నియు వండి పెట్టుదుము. నూనెతో నిండిన పాత్రను మోయువానివలె ఆమెను కాపాడవలెనని మన ప్రాచీన వైద్యులును చెప్పిరి. ఆ కాపాడుటలో ఈ పరీక్షను గూడ జేర్చుడు. ఐతే బలవంతముగా లాగుకొని పోవలదు, పోవుదానిని ఆపనువలదు. విషయము చెప్పి, వెంట నడచి, గది తలుపు కడ ఆగుడు. ఫలితము ఏమని యామెను నిలదీయకుడు. తనంత తానై చెప్పినపుడు, ఏ మాట వినవలసి వచ్చినను, మొదటి ప్రశ్న "ఎట్లు వచ్చినది?" యని గాక, "మందు ఎప్పుడు మొదలు పెట్టుదురు?" అని యుండుగాక. ఒక యింటిలో నొక్కతె చేయించుకొన్న నది గుసగుసలకు కారణమగును. వీధిలోని చూలాండ్రందరును చేయించుకొన్నచో, వ్యాధి గల యొక్కతె యెవరో ఎవ్వరికిని దెలియదు. ఆరోగ్యవంతురాలు చేయించుకొనుట వ్యాధిగ్రస్తురాలికి మరుగు. ఈ పుణ్యము చేయుటకు మనకు ఖర్చు ఒక్క రక్తపు చుక్క.

భారతకథలో అశ్వత్థామ యస్త్రము ఉత్తర గర్భము మీదికి వచ్చినపుడు, అది యామె కన్నులకు కాని, పరుల కన్నులకు కాని గాయముగా కనబడలేదు. ఆమెయే వచ్చి నా బిడ్డను రక్షింపుమని శరణు వేడినట్లు భాగవతము చెప్పుచున్నది. పరీక్షిత్తు బ్రదికినది తల్లి యడిగినందువలన గూడ. అడుగుటకు మన యింటి కోడండ్రకును, కూతుండ్రకును నోరు రావలెను. సందేహము లున్నచో ప్రభుత్వపు వారి 1097 అను సంఖ్యకు ఫోను చేసి, పేరు చెప్పకయే యడుగవచ్చును. అందులకు రుసుము లేదు. ఆశా కార్యకర్తను అడిగినచో దగ్గరలోని కేంద్రము చూపును.

అనకాపల్లికి బోవువారు బెల్లము తప్పక తెచ్చుకొనుడు. నల్లని దిమ్మనే యేరికొనుడు. నూకాలమ్మను దర్శింపుడు. ప్రొద్దు వాలకముందే శంకరము కొండ యెక్కి, దిగునపుడు హారీతి యెదుట నొక్క నిమిషము నిలువుడు. మీ యింట చూలాలున్నచో, ఆమె కార్డులో ఏ గడి ఖాళీగా నున్నదో యింటికి బోయి యొకమారు కలిసి చూచికొనుడు.